కూనిరాగం తీస్తే కంప్యూటర్‌కి పాట ఎందుకు దొరకదు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఇంట్లో సుమారు 4,000 పాటలు ఉన్నాయి, సగం నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా వాటికి ఒక సెర్చ్ తయారు చేయాలి, కూనిరాగం తీస్తే పాట రావాలి. ఫోన్‌లో ఉన్న యాప్ హోటల్లో మోగుతున్న సినిమా పాటని క్షణాల్లో పట్టేస్తోంది గానీ, అదే పాట మీరు పాడితే తెల్లమొహం వేస్తోంది. అమ్మమ్మ పాడే మంగళహారతి అయితే అసలు ఎక్కడా దొరకలేదు. "ఇన్ని ఏఐలు వచ్చాక కూడా ఇది ఇంత కష్టమా?" అన్నారు.

కష్టమే. నేను పదిహేనేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో పాత టేపులు, క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాణ్ణి, తర్వాత ఆడియో సెర్చ్ వైపు వచ్చాను. మైకులు మెరుగయ్యాయి, మెమరీ చవకైంది, ప్రోగ్రాములు తెలివిమీరాయి. కానీ చిక్కు మాత్రం మొదట్నుంచీ ఒకే చోట ఉంది. "అదే పాట" అని మనం అనేస్తాం చూశారా, ఆ "అదే" అంటే ఏమిటో కంప్యూటర్‌కి చెప్పడం దగ్గర. అదే రికార్డింగా? వేరేవాళ్లు పాడినా అదే వరుసా, అంటే అదే ట్యూనా? వరుస మారినా అవే మాటలా? మాటలు, వరుస రెండూ వేరైనా అదే రాగమా? మనిషి వీటి మధ్య గెంతుతూ ఉంటాడు, గెంతుతున్నట్టు తనకే తెలియదు. కంప్యూటర్ ముందు ఉన్నవి అంకెలు. సీడీ నాణ్యతలో సెకనుకి 44,100 చొప్పున, నాలుగు నిమిషాల పాటకి ఒక చానల్‌కే కోటీ ఐదు లక్షల పైచిలుకు. వాటిలో ఏ ఒక్కటీ "నేను పల్లవిని" అని చెప్పదు.

హోటల్లో యాప్ చేసిన పని వీటన్నిటిలో తేలికైనది. అది వెతికింది రికార్డింగుని. ఇలాంటి యాపుల్లో పేరున్న షజామ్ 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు యాప్ కాదు, ఒక ఫోన్ నంబరు. 2580కి డయల్ చేసి ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెడితే పాట పేరు ఎస్ఎంఎస్‌గా వచ్చేది. దాని కిటుకుని, దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకడైన ఏవరీ వాంగ్ 2003లో ఒక పేపర్‌గా రాశాడు. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు అది తప్పకుండా చదవండి, చిన్నదే. ధ్వనిని సన్నటి ముక్కలుగా కోసి, ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం బలంగా ఉందో ఒక పటం గీస్తారు. అందులో శిఖరాల్లా పొడుచుకొచ్చిన బిందువుల్ని మాత్రం ఉంచి మిగతాదంతా చెరిపేస్తారు. మిగిలేది చుక్కల ఆకాశంలా ఉంటుంది, ఆయన కూడా దాన్ని నక్షత్ర పటమనే అన్నాడు. ఇక రెండేసి చుక్కల్ని జత చేసి, మొదటి దాని పౌనఃపున్యం, రెండో దాని పౌనఃపున్యం, మధ్య దూరం, ఈ మూడింటినీ కలిపి ఒక అంకెగా మార్చి పట్టికలో వేసుకుంటారు. హోటల్లో గిన్నెల చప్పుడు కొన్ని చుక్కల్ని మింగేసినా, మిగిలిన జతలన్నీ ఒకే పాటలో ఒకే వరుసక్రమంలో కుదిరితే చాలు, దొరికినట్టే.

అయితే ఆ చుక్కలు ఆ ఒక్క రికార్డింగువే. అదే గాయని అదే పాటని స్టేజి మీద పాడితే చుక్కలు వేరు. మీరు పాడితే మరీ వేరు. మీ క్యాసెట్ పాటలకి కూడా ఇది మొరాయిస్తుంది, కారణం మామూలుగా ఎవరికీ తట్టదు. బ్యాటరీలు అయిపోవస్తున్న టేప్ రికార్డర్‌లో రికార్డు చేసిన క్యాసెట్ మంచి ప్లేయర్‌లో వేస్తే పాట వేగంగా, కీచుగా వస్తుంది. బెల్టు సాగిన ప్లేయర్‌లో వేస్తే ఈడుస్తుంది. వేగం 3 శాతం మారితే శ్రుతి సుమారు 50 సెంట్లు జరుగుతుంది. ఇవి స్థలం కొలిచే సెంట్లు కావు, ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో నూరో వంతు. యాభై అంటే అటూ ఇటూ కాకుండా సరిగ్గా మధ్యలో పడటం. చెవికి "కొంచెం తేడాగా ఉందే" అనిపించి ఊరుకుంటుంది, చుక్కల పటం మాత్రం మొత్తం తప్పుతుంది. నాన్నగారి క్యాసెట్లకి ముందు వేగం సరిచేసే పని ఒకటి పెట్టుకోండి.

డబ్బింగ్ పాటల సంగతి ఇంకో తలనొప్పి. తమిళంలో తీసి తెలుగులోకి తెచ్చిన సినిమాల్లో చాలావాటికి వాద్యాల ట్రాక్ ఒక్కటే, గొంతు మాత్రమే మారుతుంది. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్ రెండు భాషల్లోనూ చుక్క చుక్కా ఒకటే. నేను ఒకచోట ఎఫ్ఎం స్టేషన్లలో ఏ పాట ఎన్నిసార్లు వేశారో లెక్క తీసే పని చేశాను. నెలాఖరు రిపోర్టులో తెలుగు స్టేషన్ రోజంతా తమిళ పాటలు వేసినట్టు వచ్చింది! క్లయింటు చూసేలోపు కూర్చుని చేత్తో సరిచేశాం, ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. ప్రోగ్రామ్ తప్పు చెప్పలేదు, "అదే రికార్డింగ్" అన్న ప్రశ్నకి అది నిజాయితీగానే జవాబిచ్చింది. మేం అడగాల్సింది వేరు.

ఇప్పుడు మీ కూనిరాగం. ఇక్కడ వెతకాల్సింది వరుసని, రికార్డింగుని కాదు. దీనికి కంప్యూటర్‌తో పనిలేని పాత ఆలోచన ఒకటుంది. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో పాశ్చాత్య సంగీతపు వరుసలకి ఒక నిఘంటువు తెచ్చాడు. అందులో స్వరాలే ఉండవు. తర్వాతి స్వరం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా, అక్కడే ఉందా, ఇంతే. మూడు అక్షరాలతో పాట జాడ. పాడేవాడికి శ్రుతి రాకపోయినా ఎక్కడ పైకి పోవాలో, ఎక్కడ దిగాలో సామాన్యంగా తెలుస్తుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. 1995లో కోర్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు మైకులో పాడితే పాట వెతికే ప్రోగ్రామ్ రాసినప్పుడు కూడా ఇదే పద్ధతి వాడారు.

మన పాటల మీద దీన్ని నేను మొదటిసారి ప్రయోగించినప్పుడు ఎదురుదెబ్బ తగిలింది. పియానోలో స్వరం అంటే ఒక మీట. మన దగ్గర స్వరం అంటే కదలిక. తోడి రాగంలో గాంధారం ఉంది కదా, అది ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. వినేవాడికి అది ఒకే ఒక్క "గ". కంప్యూటర్‌కి మాత్రం పైకి, కిందికి, పైకి, కిందికి అంటూ అర డజను స్వరాలు. ఆ ఊపునే గమకం అంటారు, పాడేవాడు కూనిరాగంలో దాన్ని సగం మింగేస్తాడు. రికార్డులో పది మలుపులు, మీ గొంతులో మూడు. ఈ రెండూ ఒకటేనని ఒప్పించాలి.

అంతకుముందు అసలు శ్రుతి పట్టుకోవడమే ఒక గండం. ఒంటరి గొంతు అయితే 2002లో వచ్చిన యిన్ అనే పద్ధతి చాలావరకు బాగానే లాగుతుంది, అప్పుడప్పుడు ఒక స్థాయి (ఆక్టేవ్) పైకో కిందికో ఎగిరిపడుతుంది తప్ప. సినిమా పాటలో గొంతుతో పాటు వయొలిన్లు, కోరస్, తబలా అన్నీ ఉంటాయి. అందులోంచి ప్రధాన వరుసని లాగడానికి సాలమన్, గోమెజ్ 2012లో ఇచ్చిన మెలోడియా పద్ధతి చాలా రోజులు వాడాం. ఇప్పుడైతే ముందు గొంతుని వాద్యాల నుంచి విడదీయడం మేలు. 2019లో డీజర్ సంస్థ ఉచితంగా వదిలిన స్ప్లీటర్ ఉంది, అదే పని చేసే డీమక్స్ ఉంది. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి, రాత్రి పెట్టి పడుకోండి. ఇవి నేర్చుకున్నది ఎక్కువగా పాశ్చాత్య పాటల మీద కాబట్టి నాదస్వరాన్నీ షెహనాయినీ గొంతు అనుకుని లాక్కొస్తాయి, చూసుకోవాలి.

వచ్చిన శ్రుతిని ఉన్నదున్నట్టు పోల్చకూడదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో పాడతారు. కాబట్టి అసలు ఎత్తు వదిలేసి, స్వరానికీ స్వరానికీ మధ్య దూరం చూడాలి. అదీ పూర్తిగా నమ్మలేం. సంగీతం నేర్చుకోని మనిషి పల్లవి ఒక శ్రుతిలో ఎత్తుకుని చరణానికి వచ్చేసరికి తనకి తెలియకుండా పైకి జరిగిపోతాడు. నేనూ అంతే.

వేగం తేడాకి డైనమిక్ టైమ్ వార్పింగ్ వాడతారు. ఒక గీతని సాగదీసి, నొక్కి, ఇంకో గీత మీద కుదురుతుందేమో చూడటం. జపాన్‌లో సకోయె, చిబా 1978లో మాటల గుర్తింపు కోసం పదును పెట్టిన పద్ధతి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దీని ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి. సెకనుకి 100 బిందువులు తీశారనుకుందాం. మీరు 10 సెకన్లు పాడితే 1,000, నాలుగు నిమిషాల పాటలో 24,000. ఒక పాటతో పోల్చడానికి 2 కోట్ల 40 లక్షల గళ్లు నింపాలి. 4,000 పాటలకి 9,600 కోట్లు. పైథాన్‌లో మామూలు లూప్ రాసి కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది. సెకనుకి 10 బిందువులకి తగ్గిస్తే ఇది నూరోవంతుకి, అంటే 96 కోట్లకి దిగుతుంది. గమకాలు అరిగి నున్నగా అయిపోతాయి, నిజమే. కానీ కూనిరాగం వెతకడానికి అదే మంచిది, పాడేవాడి గొంతులో అవి ఎలాగూ సరిగా ఉండవు. రాగం గుర్తించాలంటే మాత్రం ఇలా చేయకూడదు, రాగం ఉండేదే ఆ వంపుల్లో.

రాగం సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి కొంచెం ఆగుతాను, ఇది నాకు ఇష్టమైన చోటు. మీరు చివర్లో "రాగం బట్టి కూడా వెతికేలా చేస్తే బాగుంటుందా" అని అడిగారు. ఒక్కసారి మోహన రాగం చూడండి. స రి గ ప ద, ఐదు స్వరాలు. అవే ఐదు మీటల్ని, గాంధారాన్ని (గ) షడ్జం (స) అనుకుని చదివితే హిందోళం అవుతుంది. రిషభాన్ని షడ్జం అనుకుంటే మధ్యమావతి. ఇలా షడ్జాన్ని మార్చడమే గ్రహభేదం, విద్వాంసులు కచేరీలో అది చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. కంప్యూటర్ ఆధార షడ్జాన్ని తప్పుగా పట్టి, తెలియకుండానే రోజూ గ్రహభేదం చేస్తుంది. కచేరీ రికార్డులో తంబూరా మోగుతూ ఉంటుంది కాబట్టి షడ్జం దొరుకుతుంది. సినిమా పాటలో తంబూరా ఎక్కడుంది? షడ్జం దొరికినా గొడవ తీరదు. ఆరభి, దేవగాంధారి రెండింటి ఆరోహణ, అవరోహణ ఒకటే. తేడా అంతా నడకలో, ఏ స్వరం మీద ఎంతసేపు ఆగారు, ఎలా జారారు అన్నదాంట్లో ఉంది. ఏ స్వరం ఎన్నిసార్లు వచ్చిందని లెక్కబెట్టి రాగం చెప్పే ప్రోగ్రామ్ ఇక్కడ బొమ్మా బొరుసూ వేసినట్టే.

ఈ విషయంలో గట్టిగా పనిచేసినవాళ్లు బార్సిలోనాలో ఉన్నారంటే మొదట నేనూ నమ్మలేదు. అక్కడి పొంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా 2011లో కాంప్‌మ్యూజిక్ అనే పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టాడు. కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ మకాం సంగీతాలూ మరి కొన్నీ అందులో ఉన్నాయి. పాశ్చాత్య సంగీతం కోసం చేసిన పనిముట్లు మిగతా ప్రపంచానికి సరిపోవు, ఏ సంగీతానికి ఆ సంగీతం లోపలి నుంచే చూడాలి అన్నది వాళ్ల వాదన. మద్రాస్ ఐఐటీ, బొంబాయి ఐఐటీ వాళ్లు కూడా కలిసి పనిచేశారు. ఆధార షడ్జం పట్టే పద్ధతుల మీద వాళ్ల పేపర్లు మీకు పనికొస్తాయి. ఈ రంగం వాళ్ల వార్షిక సదస్సు ఇస్మిర్ 2000లో అమెరికాలో మొదలై, 2022లో బెంగళూరుకి వచ్చింది. ఇక మీ కాలేజీ ల్యాబ్‌లో ఎవరైనా జీటీజెడ్ఏఎన్ అనే సేకరణ మీద శైలి గుర్తించే ప్రాజెక్టు చేయమంటే వద్దనండి. వెయ్యి ముక్కలు, పది శైలులు, అందులో డిస్కో ఉంది, రెగే ఉంది, మనది ఒక్కటీ లేదు. పైగా కొన్ని ముక్కలు రెండుసార్లు వచ్చాయని, కొన్నిటికి తప్పు శైలి రాశారని ఎప్పుడో తేలింది.

తాళం గురించి రెండు ముక్కలే. వేగం కొలిచే ప్రోగ్రాములు నిమిషానికి 70 దెబ్బల పాటని 140 అంటాయి, 140ని 70 అంటాయి. ఐదు లెక్క ఉన్న ఖండచాపు, ఏడు లెక్క ఉన్న మిశ్రచాపు పాటల్ని ఎలాగైనా నాలుగులోకి ఇరికించాలని చూస్తాయి. నాటక పద్యాలు మీ సేకరణలో ఉంటే వాటిని పక్కన పెట్టేయండి. తాళం లేదు, రాగాలాపన ఒక్కో నటుడిది ఒక్కో తీరు, ఒకే నటుడు కూడా వన్స్ మోర్ అంటే ఇంకోలా పాడతాడు. అక్కడ మారనిది పద్యం ఒక్కటే, కాబట్టి మాటలతోనే వెతకాలి.

మాటలతో వెతకడం తేలిక అనుకుంటారు. కాదు. మనవాళ్లు తెలుగు పాటని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. "త"కి కొందరు టి మాత్రమే కొడతారు, కొందరు పక్కన హెచ్ కూడా. "ట"కీ అదే టి. "ఎందుకు" అన్నదానికి ముందు వై పెట్టేవాళ్లున్నారు, దీర్ఘానికి రెండు ఏలు పెట్టేవాళ్లు, అసలు పెట్టనివాళ్లు ఉన్నారు. తెలుగు లిపిలో ఉన్న సాహిత్యం కూడా అన్నిసార్లూ పనికిరాదు. పాత పాటల పుస్తకాలు యూనికోడ్ కాని "అను" ఫాంట్లలో కంపోజ్ చేసినవి. అందులోంచి కాపీ చేసి అతికిస్తే యూనికోడ్‌లో పిచ్చి గీతలు వస్తాయి, ముందు కన్వర్ట్ చేసుకోవాలి. నా సలహా: వెతికే మాటనీ, దాచిన మాటనీ రెండింటినీ ఒకే మోటు రూపంలోకి దించండి. దీర్ఘాలు తీసేయండి, ఒత్తులు తీసేయండి, శ ష స ఒకటి చేయండి, ణ న ఒకటి, ళ ల ఒకటి, ట త కూడా ఒకటే. భాషాభిమానులు చూస్తే బాధపడతారు గానీ వాళ్లకి కనపడదు, ఇది లోపలి తాళంచెవి మాత్రమే. తర్వాత మాటకి మాట కాకుండా మూడేసి అక్షరాల ముక్కలుగా పోల్చండి. "వచ్చావా"కీ "వచ్చినావా"కీ అప్పుడు చుట్టరికం కనిపిస్తుంది.

పేర్ల పట్టీ కూడా శుభ్రం చేసుకోవాలి. మీ ఎంపీ3ల్లో గాయకుడి గడిలో ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది, పందెం. గ్రామఫోన్ తొలిరోజుల్లో గాయని గౌహర్ జాన్ లాంటి వాళ్లు పాట అయ్యాక తమ పేరు తామే చెప్పేవారు, రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి అక్కడివాళ్లకి ఎవరిదో తెలియాలని. ఆ పద్ధతి పోయి మనం బాగుపడలేదు.

ఇక అమ్మమ్మ మంగళహారతి. గూగుల్ 2020 అక్టోబరులో కూనిరాగంతో వెతికే సదుపాయం తెచ్చింది. మీరు పాడింది ఒక అంకెల వరుసగా మార్చి, తన దగ్గరున్న పాటల వరుసలతో పోలుస్తుంది. పది పదిహేను సెకన్లు స్థిరంగా పాడితే ప్రసిద్ధమైన సినిమా పాటలు బాగానే చెబుతుంది. కానీ ఎవరూ రికార్డు చేయని పాట దాని దగ్గర ఎలా ఉంటుంది? పైగా మంగళహారతులకి, భజన పాటలకి సొంత వరుస ఉండాలని లేదు. గుడి బయట అమ్మే చిన్న భజన పుస్తకాలు తెరిచి చూడండి. పాట పైన "ఫలానా సినిమా పాట వరుస" అని అచ్చు వేస్తారు. ఇంత తెలివైన గడి నేను ఏ డేటాబేస్‌లోనూ చూడలేదు! మాటలు ఒకరివి, వరుస ఇంకొకరిది అని ఆ పుస్తకం వేసినవాళ్లకి తెలుసు. అమ్మమ్మ పాటని యాప్‌కి వినిపిస్తే ఏదో పాత సినిమా పాట చూపిస్తోందని రాశారు, మీరు దాన్ని తప్పు అనుకున్నారు. అది నిజంగా ఆ వరుసే అయ్యుండవచ్చు, ఒకసారి ఆ సినిమా పాట విని చూడండి. దీనికి ఎదురు దిక్కున అన్నమయ్య సంకీర్తనలున్నాయి. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. ఇవాళ వినే వరుసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి, ఒకే కీర్తన రెండు మూడు రాగాల్లో వినిపిస్తుంది. మీ టేబుల్‌లో పాటకి ఒక వరుస, వరుసకి ఒక పాట అని రాసుకున్నారంటే ఈ రెండూ ఇమడవు. సాహిత్యం ఒక పట్టిక, వరుస ఒక పట్టిక, రికార్డింగ్ ఒక పట్టిక, మూడూ విడిగా పెట్టండి. తర్వాత మార్చాలంటే ప్రాణం పోతుంది, నేను మార్చాను.

ప్రాజెక్టుకి ఉన్న టైమ్ నాలుగు నెలలు అన్నారు కాబట్టి 4,000 పాటలూ పెట్టుకోకండి. 200 తీసుకోండి, గొంతు విడదీయండి, సెకనుకి పది బిందువుల గీత తీయండి, వార్పింగ్‌తో పోల్చండి. పరీక్షకి మీరు పాడకండి. తయారు చేసినవాడు తన ప్రోగ్రామ్‌కి నచ్చేలా పాడటం తెలియకుండానే నేర్చుకుంటాడు. హాస్టల్లో పదిమందిని కూర్చోబెట్టి, పాట వినిపించకుండా, గుర్తున్నట్టు పాడమనండి. సరైన పాట మొదటి స్థానంలో వస్తే 1, రెండో స్థానంలో వస్తే సగం, ఐదో స్థానంలో వస్తే ఐదో వంతు మార్కు వేసి సగటు తీయండి. ఈ సగటు సగానికి పైన వస్తే ధైర్యంగా వైవాకి వెళ్లండి.

అమ్మమ్మ చేత పాట మొత్తం పాడించి రికార్డు చేయండి, పల్లవి ఒక్కటే కాదు. వాట్సాప్ వాయిస్ నోట్ వద్దు, ఫోన్ రికార్డర్‌లో మంచి క్వాలిటీ పెట్టండి. నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, అది సాగదీసిన స్వరాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని కోసేస్తుంది. ఎవరి దగ్గర, ఏ ఊళ్లో నేర్చుకున్నారో కూడా అడిగి రాసుకోండి. పల్లవి మాటలు, చివరి చరణంలో ఎవరి పేరైనా వస్తే ఆ పేరు ఇక్కడ పెట్టండి, నా దగ్గరున్న పాత హారతుల పుస్తకాల్లో చూస్తాను.